ఒకే మనిషి రెండు చోట్ల

నా భార్య నా పరువు తీసి పోయింది. ఇందులో వాదించడానికి ఏమీ లేదు. ఇరవై మూడేళ్ళు నా ఇంట్లో ఉండి, నాకు ఒక్క మాట ఎదురు చెప్పని మనిషి, నా గురించి చెప్పాల్సిందంతా ఊరూ పేరూ తెలియని జనానికి చెప్పుకుంది. అదీ తెలుగులో. అదీ ఎవరైనా తెరిచి చదువుకోగలిగిన చోట.

ఆమె పేరు రామతులసి. పోయి పది నెలలైంది. మామూలు జ్వరం అనుకున్నాం. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్నారు, మూడు రోజుల్లో అయిపోయింది. నలభై నాలుగేళ్ళు. నా పేరు రామకోటేశ్వరరావు. మాది ఉయ్యూరు పక్క పల్లె. పదో తరగతి దాకా అక్కడి హైస్కూల్లో చదివాను. ఆ తర్వాత చదువు లేదు. విజయవాడలో బెంజ్ సర్కిల్ వెనక సందులో నాకు ఫ్లెక్సీలు, పెళ్ళి కార్డులు వేసే షాపుంది. మా నాన్న పేరు మీద బసవయ్య గ్రాఫిక్స్ అని పెట్టాను.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. తులసి మా అక్క కూతురు. అది పుట్టినప్పుడు నాకు పదకొండేళ్ళు. చెరుకు బళ్ళ వెంట దాన్ని చంకనేసుకుని తిరిగాను. ఇరవై ఒకటో ఏట దాన్ని నాకిచ్చి చేశారు. మా వైపు ఇది వింతేమీ కాదు. పొలం చీలదు, పిల్ల కళ్ళ ముందుంటుంది అని మా అమ్మ వెంకటరత్నమ్మ తేల్చేసింది. తులసిని ఎవరూ అడగలేదు. నన్ను అడిగారు. నేను సరేనన్నాను.

పెళ్ళయిన మర్నాడు పొద్దున తులసి కాఫీ గ్లాసు పట్టుకొచ్చి, "అమ్మమ్మా, కాఫీ" అంది.

మా అమ్మ గ్లాసు అందుకోలేదు. "మనవరాలి గారాలు నిన్నటితో సరి. అత్తయ్యా అని పిలువు" అంది.

నేను కూడా అదే అదనుగా, "నన్నూ షాపులో మావయ్యా మావయ్యా అనకు. ఏవండీ అను. వచ్చేపోయేవాళ్ళుంటారు" అన్నాను.

"సరేనండీ" అంది తులసి. గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉంది. కాఫీ మీద మీగడ కట్టింది. మా అమ్మ దాన్ని చూసి, ఇంకో గ్లాసు తెమ్మంది.

తులసి విజయవాడలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివింది. నాకు అది ఒక్కటే కలిసొచ్చింది అనుకున్నాను. షాపులో వెనక గదిలో కూర్చోబెట్టాను. పొద్దున అయిదింటికి లేచి వంట చేసి, మా అమ్మకి కావాల్సినవన్నీ అమర్చి, క్యారేజీ సర్దుకుని పదింటికి షాపుకొచ్చేది. కార్డులు డిజైన్ చేసేది, ప్రూఫులు దిద్దేది, గిరాకీతో మాట్లాడేది. రాత్రికి మళ్ళీ వంట. ఒకసారి షాపు విజిటింగ్ కార్డులు కొత్తగా వేస్తున్నప్పుడు, "నా పేరు కూడా కింద చిన్నగా వేసుకోనా అండీ?" అని అడిగింది. కార్డు మీద రెండు పేర్లుంటే ఎవరితో మాట్లాడాలో గిరాకీకి అర్థం కాదన్నాను. ఆమె నవ్వింది. నవ్వింది కాబట్టి సరదాకి అడిగిందనుకున్నాను.

మా వైపు కుటుంబాలకి ఆ మధ్య ఒక సరదా పట్టుకుంది. ఏడెనిమిది తరాల పేర్లు పోగుచేసి వంశవృక్షం వేయించుకోవడం. కార్తీక మాసంలో ఏ మామిడి తోటలోనో వనభోజనాలు పెట్టుకుని ఆ ఫ్లెక్సీ ముందు నిలబడి ఫోటోలు దిగేవాళ్ళు. తర్వాత్తర్వాత అది వెబ్‌సైటులో కావాలన్నారు. పేరు మీద నొక్కితే కింద పిల్లల పేర్లు విచ్చుకోవాలి, ఇంకోసారి నొక్కితే ముడుచుకోవాలి. తులసి ఎక్కడో వెతికి ఒక విడ్జెట్ పట్టుకుంది. జావాస్క్రిప్టులో రాసిన ముక్క అది, ఏ పేజీలోనైనా అతికించుకోవచ్చు. పై దేశంలో ఎవరో రాసి, ఎవరైనా వాడుకోండి, మార్చుకోండి, మార్చింది మళ్ళీ అందరికీ ఇవ్వండి అని ఊరికే వదిలేశారట. ఊరికే వచ్చిందంటే నాకు నచ్చింది. తను మార్చింది అందరికీ కనపడేలా ఉంచే వెబ్‌సైటులో ఖాతా తెరవాలంటే, నా పేరుతో, నా ఫోన్ నంబరుతో తెరవమన్నాను. షాపు నాది కదా.

మొదటి పెద్ద పని వెంకటకృష్ణారావు గారిది. కంకిపాడు దగ్గర వాళ్ళకి పెద్ద వ్యవసాయం, ఊళ్ళో రెండు ఆఫీసులు. వాళ్ళ కుటుంబంలో మూడొందల పైచిలుకు పేర్లు. ఆయన షాపుకొచ్చి కుర్చీలో కూర్చుని, నొక్కి చూపించమన్నాడు. నేను నొక్కాను. తాతల పేర్లు, వాళ్ళ పిల్లల పేర్లు బాగానే వచ్చాయి. ఆయన భార్య పేరు నొక్కగానే అంతా బిగుసుకుపోయింది. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ విచ్చుకుంటూ కిందికి పోతూనే ఉంది. కంప్యూటరు ఫ్యాను రొద మొదలుపెట్టింది.

"ఏమ్మా, మా ఆవిడ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయిందే? మీ మిషనుక్కూడా ఆవిడంటే భయమా?" అని తులసి వైపు చూసి నవ్వాడాయన.

నేను నవ్వలేదు. "ఇంత చదివి ఒక పేరు తెరవడం రాలేదా నీకు?" అని అరిచాను.

తులసి తెర వైపు చూస్తూ, "వీళ్ళావిడ వీళ్ళ అక్కయ్య గారి అమ్మాయి కదండీ. కూతురి వైపు నుంచీ వస్తుంది, కోడలి వైపు నుంచీ వస్తుంది. ఇది రాసినవాళ్ళ ఊళ్ళల్లో ఇలా చేసుకోరు మావయ్యా. అందుకని దీనికి తెలియదు" అంది.

"అయితే మాదే తప్పంటావా అమ్మాయ్?" అన్నాడు వెంకటకృష్ణారావు గారు, ఇంకా నవ్వుతూనే.

"ఏవండీ అనమని ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాను నేను. ఆ రోజు నాకు వినిపించింది ఆ ఒక్క మాటే.

పదకొండు రోజుల్లో సరిచేసింది. ఆయన సంతోషించాడు. నాలుగు ఊళ్ళ నుంచి కొత్త గిరాకీ వచ్చింది. ఆ విడ్జెట్‌ని ఆమె తర్వాత కూడా వదల్లేదు. ఒక ఏడాది పొడుగునా దాంతోనే కూర్చుంది. ఏం చేస్తున్నావని ఒకసారి అడిగాను. "కోడ్ మూడు వేల వరసలుండేది. ఎనిమిది వందలకి దించాను" అని చెప్పింది. మొహం వెలిగిపోతోంది. "ఏడాదంతా కూర్చుని ఉన్నదాన్ని తగ్గించావా? ఫ్లెక్సీకి అడుగుల లెక్కన ఇస్తారు, దీనికి తగ్గించినందుకు ఇస్తారా?" అన్నాను. షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. తులసి కూడా నవ్వింది. ఆ తర్వాత దాని సంగతి నా దగ్గర తనంతట తను ఎప్పుడూ ఎత్తలేదు.

ఇదీ నాకు తెలిసింది. మిగతాది జెస్సికా తెచ్చింది.

జెస్సికా గుణదల అమ్మాయి. మా షాపులో రెండేళ్ళు డిజైనింగ్ చేసింది, తులసి దగ్గరే పని నేర్చుకుంది. ఇప్పుడు ఏదో కాలేజీలో పాఠాలు చెబుతోంది. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక నేరుగా షాపుకొచ్చింది, చేతిలో లావుపాటి కాగితాల కట్టతో.

"భోంచేశారా అంకుల్?"

"విషయం చెప్పు."

"పేరు మార్చాలి."

"ఎవరి పేరు?"

"మీది."

కూర్చోమనలేదు. తనే కుర్చీ లాక్కుంది. ఆ విడ్జెట్‌ని ఇప్పుడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారట. తులసి పోయాక చూసుకునే దిక్కు లేక ఆగిపోయిందట. జెస్సికా, ఇంకో నలుగురూ కలిసి దాన్ని ఒక ఉమ్మడి ఖాతాలోకి మార్చి చూసుకుంటామంటున్నారు. దానికి నా ఒప్పుదల కావాలి, నా ఫోనుకొచ్చే ఓటీపీ నంబరు కావాలి. పైన రాసినవారి పేరు ఉండే చోట రామకోటేశ్వరరావు అని ఉంది. దాన్ని తీసి రామతులసి అని పెట్టాలి.

"నంబరు చెబుతాను. పేరు అలాగే ఉండనీ" అన్నాను.

"మీరు ఒక్క అక్షరం రాయలేదు కదంకుల్."

"షాపు కంప్యూటరు, షాపు కరెంటు, షాపు టైము. ఇంట్లో మనిషి చేస్తే ఇంటి పెద్ద పేరే ఉంటుంది."

"షాపు టైము కాదు. అది కూడా ఇందులో ఉంది." కాగితాల కట్ట బల్ల మీద పెట్టింది. "ఇందులో ఏది మార్చినా ఎందుకు మార్చామో ఒక మాట రాయాలంకుల్. అది ఈ పనిలో పద్ధతి. తేదీ, టైము దానంతటదే పడిపోతుంది. మేమంతా ఏదో ఒక ముక్క ఇంగ్లీషులో గిలికి పారేస్తాం. తులసి అక్క తెలుగులో రాసింది. తొమ్మిదేళ్ళు రాసింది. చదివి, అప్పుడు చెప్పండి."

"ఇది ఎవరెవరు చూశారు?"

"ఎవరైనా చూడొచ్చు. మీ అక్కగారికి ఒక కాపీ ఇచ్చొచ్చాను."

"ఎవరివ్వమన్నారు నిన్ను?"

"కూతురు రాసింది తల్లికివ్వడానికి ఎవర్నడగాలంకుల్?" అని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఉయ్యూరుకి ఫోన్ చేశాను. మా అక్క ఎత్తింది. నేను హలో అన్నాను. "ఇక నుంచి నేను నీకు అక్కని కాదురా. దానికి అమ్మని" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఉయ్యూరులో తెలిసిందంటే మా ఊళ్ళో తెలిసినట్టే. మా పినతండ్రి కొడుకు బజార్లో ఎదురై మొహం తిప్పుకున్నాడు. అప్పుడు చదవక తప్పలేదు. వాళ్ళకి తెలిసింది నాకు తెలియకుండా ఎలా?

షాపు షట్టరు సగం దించుకుని మూడు మధ్యాహ్నాలు చదివాను. నలభై మూడు పేజీలు. ప్రతి ముక్క పక్కనా టైముంది. అన్నీ రెండున్నరకీ నాలుగుకీ మధ్యనే. అది నేను భోంచేసి షాపులో చాప వేసుకుని పడుకునే వేళ. నా గురక వింటూ రాసిందన్నమాట.

వెంకటకృష్ణారావు గారి పని దగ్గర ఇలా రాసింది: "ఒకే మనిషి రెండు చోట్ల వస్తే ఆగిపోతోంది. ఒకసారి చూసిన మనిషిని గుర్తుపెట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళకుండా సరిచేశాను. సరిచూడటానికి మా ఇంటి పేర్లే వాడాను. మనవరాలు, కోడలు ఒకరే. ఆ ఒకరు నేను. ఎటు నుంచి వెళ్ళినా మళ్ళీ అదే గుమ్మంలోకి వస్తాను. ఇప్పుడు కనీసం కంప్యూటరు ఆగిపోదు."

తగ్గించిన ఏడాది ముక్కలు నిండా ఉన్నాయి. "ఒకే పని మూడు చోట్ల రాసి ఉంది. ఒకచోటికి తెచ్చాను. మధ్యాహ్నం ఇంటికెళ్ళి అమ్మమ్మ పక్క గుడ్డలు మార్చి వచ్చాను, చేతులకి ఇంకా డెట్టాలు వాసన." "ఎవరూ పిలవని భాగం తీసేశాను. ఇన్నాళ్ళు అక్కడే ఉంది, ఎవరికీ దాని అవసరం లేదు, అయినా ప్రతిసారీ మోసుకు తిరుగుతున్నారు. తీసేస్తే ఏమీ విరగలేదు." "వరసలు ఎనిమిది వందలయ్యాయి. మావయ్యకి చెప్పాను. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే మళ్ళీ దానికి సంజాయిషీ చెప్పుకోవాలి."

మా అమ్మ పక్షవాతం వచ్చి ఆరేళ్ళు మంచాన ఉండి పోయింది. ఆ ఆరేళ్ళూ స్నానం, తిండి, దొడ్డికి సంబంధించిన పనులూ అన్నీ తులసివే. నేను పొద్దున ఒకసారి గుమ్మంలో నిలబడి ఎలా ఉందమ్మా అనేవాణ్ణి. మా అమ్మకి మాట పోలేదు. "నా కూతురి కడుపున పుట్టి నా ఇల్లు ఖాళీ చేసింది. వేరే ఇంటి పిల్లయితే ఎప్పుడో పంపేసి, వాడికి ఇంకోదాన్ని చేద్దును" అనేది, తులసి అన్నం కలిపి నోట్లో పెడుతుండగానే. నేను వింటూ చొక్కా బొత్తాలు పెట్టుకునేవాణ్ణి. ఊరుకోమ్మా అని ఒక్కసారి కూడా అనలేదు. ఆ మాట నా మనసులోనూ ఉంది కాబట్టి అనలేదు.

ఇంట్లో అత్తయ్యా అని పిలిచింది, ఇరవై ఏళ్ళు. ఈ కాగితాల్లో ఎక్కడ చూసినా అమ్మమ్మ అనే ఉంది. "అమ్మమ్మ ఇవాళ రెండు ముద్దలు తింది." "అమ్మమ్మ నన్ను తిట్టి అలిసిపోయి నా చెయ్యి పట్టుకునే నిద్రపోయింది. చెయ్యి విడిపించుకోవడానికి టైము పట్టి క్యారేజీ ఆలస్యమైంది. మావయ్య అరిచాడు. పేజీ తెరుచుకునే టైము సగానికి సగం తగ్గింది."

ఇల్లు ఖాళీ చేసింది అని మా అమ్మ అనేదే, ఆ సంగతి కూడా చెప్పాలి. పెళ్ళయిన నాలుగో ఏట మాకు ఆడపిల్ల పుట్టింది. ఏడో నెలలోనే వచ్చేసింది. నాలుగు రోజులు బతికింది. డాక్టరమ్మ "మేనరికమా?" అని అడిగి, మేం తలూపితే చీటీలో రాసుకుని వెళ్ళిపోయింది. ఇరవై ఒకటో రోజు పేరు పెడతాం కాబట్టి ఆ పిల్లకి పేరు లేదు. ఆ తర్వాత తులసికి కడుపు నిలవలేదు. ఎవరైనా పిల్లలెందరు అని అడిగితే లేరు అని చెప్పమన్నాను. ఒకసారి ఆసుపత్రిలో నర్సు అడిగినప్పుడు తులసి "ఒక పాప" అని మొదలుపెట్టింది. "దాన్ని లెక్కలోకి తేకు" అన్నాను, నర్సు ముందే. నర్సు కాగితంలోకి తల వంచుకుంది.

ఇరవయ్యో పేజీలో ఇది ఉంది: "పేరు లేకపోతే మనిషిని చేర్చుకోవడం లేదు. తప్పు చూపించి ఆపేస్తోంది. పేరు ఖాళీగా ఉన్నా చేర్చుకునేలా మార్చాను. చిన్న గడి వస్తుంది, అందులో ఏమీ ఉండదు, పైనుంచి గీత మాత్రం ఉంటుంది. నాలుగు రోజులు బతికినవాళ్ళు కూడా పుట్టినవాళ్ళే."

దాని కింద వేరే దేశాల వాళ్ళెవరో ఏవో భాషల్లో రాశారు. జెస్సికా వాటికి పక్కన పెన్సిలుతో తెలుగు రాసి పెట్టింది. బ్రెజిల్ నుంచి ఒకాయన: "ఇదేమని రాశారో అర్థం కాలేదు, కానీ ఈ మార్పు నాకు కావాలి. మా తమ్ముడి కోసం." ఇంకెవరో ఒకామె: "ధన్యవాదాలు. నాకు ఇద్దరు." తులసి ఒక్కొక్కరికీ జవాబిచ్చింది. వాళ్ళవాళ్ళు ఎన్ని రోజులు బతికారో అడిగింది. నా కూతుర్ని గురించి నా భార్య బ్రెజిల్ వాడితో మాట్లాడింది. నాతో మాట్లాడలేదు. మొదట నాకొచ్చింది కోపమే. ఆమె నాతో మాట్లాడబోతే లెక్కలోకి తేకు అన్నది నేనే. అది గుర్తుకొచ్చాక కోపం పెట్టుకోవడానికి చోటు లేకపోయింది.

తర్వాతది కాలేజీ సంగతి. ఇదొక్కటే దాచిపెట్టుకోవాలనుకున్నాను. మా అక్క చదివింది కాబట్టి దాచి లాభం లేదు. ఆరేళ్ళ కిందట ఊళ్ళో ఒక ఇంజనీరింగ్ కాలేజీ నుంచి షాపుకి ఉత్తరం వచ్చింది. ప్రపంచమంతా వాడుకునే విడ్జెట్ చేసిన విజయవాడ వ్యక్తిని సన్మానిస్తారట. రామకోటేశ్వరరావు గారు అని రాసి ఉంది. ఉత్తరం తులసి చేతికే వచ్చింది. చదివి నా ముందు పెట్టి, "ఏం చెబుదామండీ?" అంది.

"వస్తానని చెప్పు" అన్నాను. "పేరు నాదే ఉంది కదా. ఇప్పుడు మార్చి చెబితే మోసం అనుకుంటారు."

తెల్ల చొక్కా తనే ఇస్త్రీ చేసింది. తనూ వచ్చింది, ఫోటోలు తియ్యడానికి. శాలువా కప్పారు, జ్ఞాపిక ఇచ్చారు. నన్ను గురించి అయిదు నిమిషాలు మాట్లాడారు. పల్లెటూరి హైస్కూల్లో తెలుగు మీడియం చదివి ఇంత సాధించారన్నారు. చప్పట్లు కొట్టారు. అప్పుడొక కుర్రాడు లేచి, "సార్, ఒకే మనిషి రెండు చోట్ల వచ్చినా ఆగకుండా ఎలా చేశారు సార్? మా సారు కూడా చెప్పలేకపోయారు" అని అడిగాడు.

తులసి గోడ పక్కన నిలబడి ఉంది, నా ఫోను ఎత్తి పట్టుకుని. నేను ఆమె వైపు చూశాను. అటు చెయ్యి చూపించి, ఈవిణ్ణి అడగండి అంటే సరిపోయేది. ఒక్క మాట. బస్సు ఏ ఊరు పోతుందో చెప్పినంత తేలిక. నేను మైకు దగ్గరికి లాక్కుని, "ఆ చిల్లర పనులన్నీ మా ఆఫీసులో పిల్లలు చూసుకుంటారు. ఐడియా మాత్రం నాది" అన్నాను. మళ్ళీ చప్పట్లు. తులసి ఫోటో తీసింది. అది చాలా బాగా వచ్చింది. ఫ్రేము కట్టించి షాపులో తగిలించాను.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి రాసిన ముక్క: "ఒక ఖాళీ వరస తీసేశాను. తియ్యాల్సిన అవసరం లేదు. ఏదో ఒకటి మారిస్తేనే రాయనిస్తుంది కదా, అందుకు. నిన్న ఒక అబ్బాయి మంచి ప్రశ్న అడిగాడు. జవాబు నాకు తెలుసు. గోడ పక్కన నిలబడి నోట్లోనే చెప్పుకున్నాను. షాపు ఆయన నా వైపు చూశారు. చూసి, చెప్పరని నాకు అప్పుడే తెలిసిపోయింది. బాబూ, నువ్వు ఎప్పుడైనా ఇది చదివితే, జవాబు ఇదీ." కింద రెండు పేజీల నిండా ఆ కుర్రాడికి జవాబు రాసింది. నాకు అందులో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఓపిగ్గా చెప్పినట్టుందని మాత్రం తెలిసింది.

ఆ రోజు నుంచి కాగితాల్లో మావయ్య లేడు. ఎక్కడ చూసినా షాపు ఆయనే. షాపు ఆయనకి బీపీ మాత్రలు తేవాలి. షాపు ఆయన పడుకున్నారు. షాపు ఆయన ఎవరి మీదో అరుస్తున్నారు. అయిదేళ్ళు అలాగే. ఇంట్లో మాత్రం ఎప్పటిలా ఏవండీ అంది, అన్నం పెట్టింది, నా కాళ్ళు పట్టింది. నాకు తేడా ఏమీ కనిపించలేదు. మనిషి వెళ్ళిపోయిందని అయిదేళ్ళ పాటు ఇంట్లో ఉన్న మొగుడికి తెలియలేదు.

షాపులో ఆ ఫోటో తీసి బీరువా వెనక పడేశాను. పడేసినా గోడ మీద తెల్లటి చదరం మిగిలింది. వచ్చినవాళ్ళందరూ అక్కడే చూస్తున్నారు. చూడనీ.

జెస్సికాని రమ్మన్నాను. ఆ పై ఆదివారం వచ్చింది, ల్యాప్‌టాప్ పట్టుకుని. నేను చదివానా అని అడగలేదు.

"పేరు మార్చు" అన్నాను.

"అక్క ఇంటిపేరు ఏది పెట్టమంటారు? మీదా, వాళ్ళ నాన్నగారిదా?"

"ఏదీ వద్దు. రామతులసి చాలు."

నా ఫోనుకి నంబరు వచ్చింది. ఆరు అంకెలు చదివి చెప్పాను. ఆమె కొట్టింది. ఎనిమిది సెకన్లు పట్టిందేమో. ఇరవై మూడేళ్ళు చెయ్యని పని.

జెస్సికా ల్యాప్‌టాప్ ముయ్యలేదు. "ఇంకొకటుంది అంకుల్. మీకు చూపించకుండా ఉంచితే బాగుండదు. జ్వరం రావడానికి వారం ముందు అక్క చివరిగా ఒక వీలు పెట్టింది. దానికి నమూనాగా ఒక చిన్న వంశవృక్షం పెట్టింది. ఇది తెరిచిన ప్రతివాళ్ళకీ మొదట కనపడేది ఇదే. మీ ఇంటిదే. ఉంచాలో మార్చాలో మీరే చెప్పాలి."

చూశాను. పైన బసవయ్య, వెంకటరత్నమ్మ. వాళ్ళ కింద మా అక్క, నేను. మా అక్క కింద తులసి. తులసి కింద ఒక చిన్న ఖాళీ గడి. నా కింద ఏమీ లేదు. నాకూ తులసికీ మధ్య గీత లేదు.

"గీత పడిపోయినట్టుంది" అన్నాను.

"పడిపోలేదంకుల్. తీసేసింది. పెళ్ళి గీత వద్దనుకున్నవాళ్ళు తీసేసుకునే వీలు, అదే చివరిగా పెట్టింది. మనిషి అలాగే ఉంటుంది, పిల్లలు ఉంటారు, ఆ ఒక్క గీత పోతుంది."

"ఎవరడిగారు?"

జెస్సికా ల్యాప్‌టాప్ నా వైపు తిప్పింది. కాగితాల కట్టలో ఈ ముక్క లేదు. కావాలనే తీసి ఉంచినట్టుంది. తేదీ, మధ్యాహ్నం మూడూ పది, కింద తులసి రాత:

"ఇది ఎవరూ అడగలేదు. నాకే కావాల్సి వచ్చింది. గీత తీసి చూశాను. అందరూ ఎవరి చోట వాళ్ళు బాగున్నారు. మావయ్య మావయ్యగానే ఉండిపోతే ఎంత బాగుండేది."

బొమ్మ మళ్ళీ చూశాను. ఆ బొమ్మలో నేను లేకుండా పోలేదు. నన్ను తీసెయ్యలేదు. మా అక్క పక్కనే ఉన్నాను, తమ్ముడిగా. పదకొండేళ్ళ వాణ్ణి ఎక్కడ వదిలేశానో అక్కడే నన్ను నిలబెట్టింది.

"కలపమంటారా?" అంది జెస్సికా. "ఒక్క క్షణం పని."

"వద్దు" అన్నాను. "అలాగే ఉండనీ."

ఆమె ల్యాప్‌టాప్ సర్దుకుని వెళ్ళిపోయింది. నేను షట్టరు ఎత్తాను.

మా వాళ్ళకి ఎలాగూ సగం సగం తెలిసింది కాబట్టి మొత్తం రాశాను. క్షమించమని ఎవర్నీ అడగడం లేదు. అడగాల్సిన మనిషి లేదు, మిగతావాళ్ళతో పని లేదు. చెప్పాల్సింది ఇంతే. ఇక దీని గురించి షాపులో గానీ, ఊళ్ళో గానీ, మా అక్క గుమ్మంలో గానీ ఎవరడిగినా నేను నోరు విప్పను.